కాడి లెక్కన హ్యాండిల్ బిగించాం



మన దగ్గర నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ రెన్యువల్, హాస్టల్ సీట్లు, కటాఫ్ మార్కులు, వీటి మీదే ఎక్కువ పోస్టులు వస్తాయి. అవన్నీ కావాలి, నేనూ వాటికోసమే చేరాను. కానీ సెలవులకి ఊరెళ్తే మన చేతికొచ్చే పని వేరే ఉంటుంది. మొన్న డిసెంబరులో మా బండి హ్యాండిల్ని నేను, నాన్న, అన్నియ్య కలిసి ఊళ్ళోనే మార్చాం. ఎందుకు మార్చాల్సి వచ్చిందో, ఎలా మార్చామో రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మాది 2009 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, అన్నియ్య నడుపుతాడు. పాడేరు ఏజెన్సీలో మా ఊరికి తారు రోడ్డు నుంచి 4 కిలోమీటర్లు ఎర్రమట్టి దారి, మధ్యలో ఒక గెడ్డ. 108 తారు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి బండి, లేదంటే డోలీ. కాఫీ గింజలు, మిరియాలు సంతకి దిగేదీ, బియ్యం మూట పైకొచ్చేదీ ఈ బండి మీదే. పక్కింటి వాళ్ళకి జొరమొచ్చినా వచ్చి అడిగేది మా బండినే.

అక్టోబరు చివర్లో తుపాను వానలకి దారి బురదైపోయింది. గెడ్డ ఎక్కే మలుపులో అన్నియ్య వెనకాల మూటతో ఉండగా బండి ఎడమ పక్కకి పడింది. మనిషికి మోకాలు గీరుకుపోవడం తప్ప దెబ్బలేమీ తగల్లేదు. బండికి ఎడమ అద్దం పగిలింది, క్లచ్ లివర్ వంగింది, హ్యాండిల్ ఎడమ కొన వెనక్కీ కిందకీ మడతపడింది. అలాగే ఐదారు వారాలు నడిపాడు. కాఫీ పళ్ళు కోసే రోజులు, ఆపితే కుదరదు.

వంగిన హ్యాండిల్‌తో బండి నడుస్తుంది. అదే దానితో వచ్చిన చిక్కు. తిన్నగా ఉన్న దారిలో ఏమీ తెలీదు. ఎడమ పక్కకి పూర్తిగా తిప్పాల్సిన మలుపులో మాత్రం అన్నియ్య చెయ్యి హ్యాండిల్‌కీ ట్యాంకుకీ మధ్య ఇరుక్కుంటోంది, క్లచ్ పట్టడానికి వేళ్ళు తెరవడానికి చోటు లేదు. ఎత్తు మలుపులో క్లచ్ పట్టలేకపోతే బండి ఆగిపోద్ది, లేదంటే వెనక్కి జారుద్ది. పైగా ఎడమ మణికట్టు నొప్పి. రాత్రి గ్లాసు పట్టుకోడానికి కూడా ఇబ్బంది పడుతున్నాడని అమ్మ ఫోన్లో చెప్పింది.

అప్పటికి వదినకి ఏడో నెల. నెలనెలా 9వ తేదీన పీహెచ్‌సీలో గర్భిణులకి డాక్టరమ్మ చెకప్ ఉంటుంది. డిసెంబరు 9న వెళ్ళి తీరాలని ఆశా అక్క రెండుసార్లు చెప్పి వెళ్ళింది. వదినని ఆ హ్యాండిల్‌తో గెడ్డ దాటించడం నాకు ఇష్టం లేదు. అన్నియ్యకీ లేదు, కానీ పైకి చెప్పడు. "ఎలగో అలగ తీస్కెళ్ళిపోతాన్లే" అంటాడు.

మండలంలో ఒక మెకానిక్‌ని అడిగితే సామానుతో కలిపి 2,200 అన్నాడు, రెండ్రోజులు బండి అక్కడే ఉంచాలన్నాడు. 22 కిలోమీటర్లు ఆ హ్యాండిల్‌తోనే దిగాలి, రెండు రోజుల కోతలు పోవాలి. అందుకే సామాను విశాఖలో కొని ఊళ్ళోనే బిగిద్దాం అని నేనన్నాను. హాస్టల్లో నా రూమ్మేట్ ఐటీఐలో మోటార్ మెకానిక్ చేసి డిగ్రీలో చేరినవాడు. వాడిచ్చిన ధైర్యం అది. వాడు ముందు అడిగిన మాట మీరు కూడా గుర్తుపెట్టుకోండి: "వంగింది హ్యాండిలా, టీ యా?"

హ్యాండిల్ అంటే మనం చేతులతో పట్టుకునే గొట్టం. అది టీ మీద కూర్చుంటుంది. టీ రెండు ఫోర్క్ పైపుల్నీ పట్టుకుంటుంది. బండి పడ్డప్పుడు ఒక్కోసారి హ్యాండిల్ వంగదు, టీలో ఫోర్కులు మెలి తిరుగుతాయి. అప్పుడు కొత్త హ్యాండిల్ వేసినా వంకర పోదు, డబ్బులు దండగ. తెలుసుకోవడం ఇలా. బండికి సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రాన్ని తిన్నగా పెట్టి, రెండడుగులు ముందుకెళ్ళి ఎదురుగా నిలబడి చూడాలి. హ్యాండిల్ని పట్టుకున్న రెండు బిగింపులు చక్రం ఇరుసుతో సమానంగా ఉండి, హ్యాండిల్ కొన ఒకటే కిందకి పోతే హ్యాండిల్ వంగినట్టు. బిగింపులే ఒక పక్కకి తిరిగి ఉంటే ఫోర్కులు మెలిపడినట్టు. అన్నియ్య ఫొటో తీసి తారు రోడ్డు దగ్గరికి దిగినప్పుడు పంపాడు. సిగ్నలు అక్కడే. మాది హ్యాండిలే.

వంగినదాన్నే కాల్చి తిన్నగా కొట్టించొచ్చు కదా అని మా చిన్నాన్న అన్నాడు. చేస్తారు కూడా, చాలా చోట్ల చూశాను. ఒకసారి మడతపడ్డ ఇనప గొట్టం ఆ మడత దగ్గర బలం పోగొట్టుకుంటుంది. తిరిగి వంచితే అక్కడే సన్న చీలిక మొదలవ్వచ్చు, రంగు వేస్తే అది కనపడదు. గునపం వంగితే కాల్చి సరిచేసుకోవచ్చు, విరిగితే పొలంలో విరుగుద్ది. హ్యాండిల్ విరిగేది మలుపులో.

షాపులో అడిగేటప్పుడు బండి పేరు ఒక్కటే చెప్తే చాలదు. మోడల్ సంవత్సరం చెప్పాలి, ముందు బ్రేకు డ్రమ్మా డిస్కా చెప్పాలి. గొట్టం మందం చాలా బళ్ళకి 22 మిల్లీమీటర్లే, కానీ వంపు, ఎత్తు, స్విచ్ డబ్బా కూర్చునే చిల్లు ఉండే చోటు బండి బండికీ మారతాయి. హ్యాండిల్ 480, గ్రిప్పుల జత 120, క్లచ్ లివర్ 90, అద్దం 110, రూమ్మేట్ పట్టుబట్టాడని కొత్త బోల్టులు నాలుగు 40. మొత్తం 840. వేరే బండిలో వచ్చే స్టైల్ హ్యాండిల్ వేసుకో తమ్ముడూ, లుక్ వస్తుందని షాపాయన అన్నాడు. వద్దన్నాను.

దాని గురించి ఒక మాట. మన తమ్ముళ్ళు పొట్టి హ్యాండిళ్ళు, కిందకి దిగిన హ్యాండిళ్ళు వేయించుకుంటున్నారు. ఇంటర్ ఫిజిక్స్‌లో తులాదండాల పాఠం చదివే ఉంటారు. చెయ్యి మధ్యకి దగ్గరయ్యే కొద్దీ తిప్పడానికి ఎక్కువ బలం పెట్టాలి. బురదలో చక్రం జారినప్పుడు హ్యాండిల్ వెడల్పే మనల్ని కాపాడేది. ఇంకో సంగతి, బండిని కంపెనీ ఇచ్చిన తీరుకి వేరుగా మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. వంగినదాని చోట అదే రకం కొత్తది వెయ్యడం మార్పు కిందకి రాదు. చెక్‌పోస్టుల దగ్గర మన పిల్లల్ని ఎలాగూ ఎక్కువసేపే నిలబెడతారు, దానికి మనం చేతులారా ఇంకో సాకు ఇవ్వడం దేనికి.

శనివారం పొద్దున్నే హ్యాండిల్ పట్టుకుని బస్సెక్కాను. దాన్ని ఏ సంచిలోనూ పెట్టలేం, దూడ కొమ్ముల్లాగ రెండు పక్కలా పొడుచుకొస్తుంది. "ఏటి తమ్ముడూ, బస్సు నువ్వే నడిపేత్తావేటి?" అన్నాడు కండక్టర్. చోడవరం వరకు నవ్వుతూనే ఉన్నారు. మాడుగుల దాటి ఘాట్ మొదలయ్యాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మోదకొండమ్మ పాదాల దగ్గర అందరితో పాటు నేనూ దణ్ణం పెట్టాను, హ్యాండిల్ మోకాళ్ళ మధ్యే ఉంది.

ఆదివారం పొద్దున్న పని మొదలెట్టాం. కావలసినవి పెద్దగా ఏం లేవు. మా బండికి 12 నంబర్ పానా, 10 నంబర్ పానా, స్టార్ స్క్రూ డ్రైవర్, కటింగ్ ప్లేయర్, పాత లుంగీ. లుంగీ ట్యాంకు మీద పరవడానికి, విప్పిన హ్యాండిల్ దాని మీదే పడుకోబెట్టాలి. పానా పట్టుకునే ముందు ఫోన్లో ఫొటోలు తీశాను. క్లచ్ వైరు ఎటు నుంచి వచ్చింది, యాక్సిలరేటర్ వైరు టీకి ఏ పక్క నుంచి వెళ్ళింది, స్విచ్ వైర్లు ఏ క్లిప్పులో ఉన్నాయి, అన్నీ. విప్పడం ఎవరైనా విప్పుతారు. వైరు ఏ దారిన వెళ్ళిందన్నదే తర్వాత ఎవరికీ గుర్తుండదు.

అమ్మ అరుగు మీద నుంచి చూస్తూ ఉంది. "హాస్టల్లో ఏసి సదివించేది ఇందుకేనేటి? ఈ మసి పని సేసీవోళ్ళు ఊర్లో లేరేటి?" అంది. అమ్మ కోపం నాకు అర్థమవుతుంది. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నేనొక్కడినే. నా చేతులు మసి కాకుండా ఉండడమే ఆవిడకి చదువు. నేనేం జవాబు చెప్పలేదు. నాన్నే, "ఆడు పుస్తకం సూసే సేత్తన్నాడులే" అన్నాడు. బండితో వచ్చిన చిన్న పుస్తకం ఇంట్లో బియ్యం డబ్బా కింద ఉండేది, ఇంగ్లీషులో ఉంది, ఆ రోజు దాన్ని అరుగు మీద పెట్టుకున్నాం. ఆ మాటతో అమ్మ లోపలికెళ్ళింది.

ముందు అద్దాలు తీశాం. తర్వాత క్లచ్ వైరు వదులు చేసి లివర్ నుంచి తప్పించాం. స్విచ్ డబ్బాలు రెండు పక్కలా రెండు ముక్కలుగా ఉంటాయి, స్క్రూలు విప్పితే తెరుచుకుంటాయి. పాత బండి కాబట్టి స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. ఒక్కసారిగా బలం పెడితే తల అరిగిపోతుంది, ఇక జన్మలో రాదు. ముందు రోజు రాత్రే వాటి మీద రెండు చుక్కలు ఆయిల్ వేసి ఉంచాను. పొద్దున్న స్క్రూ డ్రైవర్ పెట్టి వెనకాల సుత్తితో చిన్నగా రెండు దెబ్బలు కొట్టి తిప్పితే కదిలాయి. ఎడమ గ్రిప్పు ఎండి అంటుకుపోయింది, కొత్తది ఉంది కాబట్టి బ్లేడుతో కోసేశాం. కుడి పక్క గ్రిప్పు హ్యాండిల్‌కి అంటుకుని ఉండదు, యాక్సిలరేటర్ తిరిగే ప్లాస్టిక్ గొట్టం మీద ఉంటుంది. వైరు చివరున్న చిన్న గుండుని ఆ గొట్టం గాడిలోంచి తప్పిస్తే మొత్తం బయటికి వచ్చేస్తుంది.

చివరికి నాలుగు బోల్టులు. టీ మీద హ్యాండిల్ని పట్టుకునేది అవే, ఎడమ బిగింపుకి రెండు, కుడి బిగింపుకి రెండు. మూడు గట్టిగా ఉన్నాయి. నాలుగోది పానా పెట్టగానే చేతిలోకి వచ్చేసింది. చూస్తే అది మిగతావాటి కంటే బాగా పొట్టిది, దేనిదో తెచ్చి వేసింది. రెండు చుట్లు మాత్రమే పట్టుకుని ఉంది. అంతకుముందు ఎప్పుడో ఒక షాపులో ముందు భాగం విప్పించాం, డబ్బులు పూర్తిగా ఇచ్చాం. ఎవరిదీ పేరు చెప్పను. అన్నియ్య ఆ బోల్టుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఈ బండి మీదే కదా మేం ముగ్గురం కూర్చుని వెళ్ళింది అన్నాడు, ఇంకేం అనలేదు. రూమ్మేట్ కొనిపించిన నాలుగు బోల్టులు అప్పుడు అక్కరకొచ్చాయి. కొత్త బోల్టు ఒక్కోదాన్నీ ముందు ఖాళీ రంధ్రంలో చేత్తో తిప్పి చూడాలి. చివరిదాకా చేత్తోనే దిగితే లోపల మరలు బాగున్నట్టు. నాలుగూ దిగాయి.

కొత్త హ్యాండిల్ మధ్యలో గరుకుగా చెక్కిన భాగం ఉంటుంది, బిగింపులు అక్కడ పట్టుకుంటాయి. దాని మీద ఒక చిన్న చుక్క గుర్తు కూడా ఉంటుంది, ఆ చుక్క కింది బిగింపు అంచుతో కలవాలి. కలిస్తే హ్యాండిల్ ముందుకీ వెనక్కీ ఎంత వాలాలో అంతే వాలుతుంది. ఇక ఎడమకీ కుడికీ సమానంగా ఉందా అన్నది చూడాలి. నేను టేపు కోసం వెతుకుతుంటే నాన్న లోపలికెళ్ళి పురికొస తెచ్చాడు.

టీ మధ్యలో పెద్ద నట్టు ఉంటుంది కదా, పురికొస ఒక కొన దాని మీద వేలితో నొక్కిపెట్టి, రెండో కొన ఎడమ గ్రిప్పు అంచు దాకా లాగి అక్కడ ముడి వేశాడు. అదే తాడు కుడి పక్కకి తిప్పాడు. ముడి అంచుకి వేలెడు లోపలే ఆగింది. హ్యాండిల్ని రవ్వంత జరిపి మళ్ళీ కొలిచాడు. మూడోసారికి ముడి రెండు పక్కలా ఒకే చోట పడింది. తర్వాత నాలుగడుగులు వెనక్కెళ్ళి గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. కొత్త కాడి చెక్కినప్పుడు ఆయన చేసేది ఇదే. నడిమధ్య తాడు గాటు నుంచి రెండు పక్కలా కొలిచి, దూరం నుంచి ఒంటికన్నుతో చూస్తాడు. "కాడి ఒక పక్కకి దిగిందంటే ఎద్దు మెడ పుండైపోద్ది. ఆడి సెయ్యి నొప్పీ అదేరా" అన్నాడు. మణికట్టు నొప్పికి అన్నియ్య రెండుసార్లు పూత మందు కొన్నాడు. అసలు సంగతి నాన్న పురికొసకి దొరికింది.

ఇంట్లో మేం ఒడియా కలిసిన మాట మాట్లాడుకుంటాం. క్లచ్, లివర్, స్విచ్ వీటికి మా మాటలో పేర్లు లేవు, నాన్న వేలు పెట్టి చూపిస్తాడు. కానీ హ్యాండిల్‌కి మాత్రం ఆ రోజంతా కాడి అనే అన్నాడు, మేం కూడా అదే అన్నాం.

బిగించడంలో ఒక పద్ధతి ఉంది, పుస్తకంలో రాసి ఉంది. పై బిగింపు ముక్కల మీద కూడా చుక్క గుర్తు ఉంటుంది, అది ముందుకి రావాలి. నాలుగు బోల్టులూ చేత్తో దించాక, ముందువి రెండు పూర్తిగా బిగించాలి, ఆ తర్వాతే వెనకవి. అప్పుడు ముందు సందు మూసుకుపోయి వెనక కొంచెం సందు మిగులుతుంది. ఆ సందు ఉండాల్సిందే. అన్నియ్య దాన్ని కూడా మూద్దామని పానా వేశాడు, నేను పుస్తకంలో బొమ్మ చూపించాను. బిగించాక బండిని స్టాండు దించి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ రెండు కొనల మీదా ఒంటి బరువంతా వేసి నొక్కి చూడాలి. రవ్వంత తిరిగినా బిగింపు చాలనట్టు. మాది కదల్లేదు.

స్విచ్ డబ్బా లోపల ఒక చిన్న మేకులాంటిది ఉంటుంది, అది హ్యాండిల్ మీదున్న చిల్లులోకి దిగాలి. దిగకుండా స్క్రూలు బిగిస్తే డబ్బా పగులుతుంది. ఎడమ గ్రిప్పు ఎక్కించడానికి సబ్బు నీళ్ళు వాడొద్దు, తర్వాత గ్రిప్పు జారుతుంది. నేను హాస్టల్ నుంచి తెచ్చిన శానిటైజర్ పోశాను, జారి లోపలికెళ్ళింది, పావుగంటలో ఆరి పట్టేసింది. క్లచ్ లివర్ కొన 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఖాళీగా కదలాలి, ఆ తర్వాతే వైరు లాగడం మొదలవ్వాలి. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే దానంతట అదే టక్కున వెనక్కి రావాలి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. దీన్ని మాత్రం ఎవరూ మానొద్దు. బండి స్టార్ట్ చేసి, గేరు వెయ్యకుండా, హ్యాండిల్ని ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పాలి. తిప్పేటప్పుడు ఇంజిన్ శబ్దం పెరగకూడదు. పెరిగిందంటే యాక్సిలరేటర్ వైరు ఎక్కడో బిగుసుకుని ఉంది, మలుపులో బండి దానంతటదే రైజవుతుంది. మేం మూడుసార్లు తిప్పాం. శబ్దం ఒకేలా ఉంది. ఎడమకి పూర్తిగా తిప్పినప్పుడు అన్నియ్య క్లచ్ పట్టి వదిలి, పట్టి వదిలి చూసుకున్నాడు. చెయ్యికీ ట్యాంకుకీ మధ్య మూడు వేళ్ళ సందు ఉంది.

మొత్తం నాలుగు గంటలు పట్టింది. మెకానిక్ అయితే గంటలో చేస్తాడు, అందులో అనుమానం లేదు. ముందు డిస్క్ బ్రేకు ఉన్న బండి అయితే ఆయిల్ గొట్టం విప్పే పని పెట్టుకోకండి, అది తెలిసినవాళ్ళకే వదిలెయ్యండి. టీ పగిలినా అంతే.

సాయంత్రం అన్నియ్య ఒక్కడే గెడ్డ దాకా వెళ్ళొచ్చాడు. మంగళవారం 9న వదినని తీసుకుని దిగాడు. వెనకాల నేను నడిచి వెళ్ళాను, గెడ్డ దగ్గర వదిన దిగి నడుస్తానంది. అన్నియ్య ఆగలేదు, మొదటి గేరులోనే నెమ్మదిగా మలుపు తిప్పి ఎక్కించేశాడు. పీహెచ్‌సీలో బీపీ, రక్తం, బరువు చూసి ఐరన్ మాత్రలు ఇచ్చారు. వదినకి రక్తం తక్కువ ఉందట, వచ్చే నెల కూడా తప్పక రమ్మన్నారు. వంద కిలోమీటర్లు తిరిగాక నాలుగు బోల్టుల మీదా మళ్ళీ ఒకసారి పానా వెయ్యమని అన్నియ్యకి చెప్పి హాస్టల్‌కి వచ్చేశాను. వేశానని ఫోన్ చేశాడు. పొట్టి బోల్టుని అమ్మ దేవుడి గూట్లో పెట్టిందట, ఎందుకో అడగలేదు.

ఇంకో పని మిగిలింది. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ తిప్పితే సరిగ్గా మధ్యలో ఒక చోట పట్టినట్టు ఆగుతోంది. కోన్‌సెట్ అరిగిపోయిందని రూమ్మేట్ అంటున్నాడు. దానికి టీ విప్పాలి, లోపల చిన్న చిన్న ఇనప గుండ్లు ఉంటాయి, ఒక్కటి రాలినా మట్టిలో దొరకదు. ఊళ్ళో, షాపు పనిముట్లు లేకుండా కోన్‌సెట్ మార్చిన అన్నలు ఎవరైనా ఉంటే ఎలా చేశారో, పెద్ద నట్టుకి ఏం వాడారో కింద రాయండి. ఉగాదికి ఊరెళ్తున్నాను.